తిరుగుడే నా బతుకు

నన్ను టర్న్‌టేబుల్ అంటారు. డీజేలు ముద్దుగా ‘డెక్’ అంటారు. రికార్డును నెత్తిన పెట్టుకుని గుండ్రంగా తిరగడమే నా ఉద్యోగం. మా వంశం జపాన్‌ది. మత్సుషితా కంపెనీ 1972లో టెక్నిక్స్ పేరు మీద ఎస్‌ఎల్-1200ను బజారులోకి తెచ్చింది. నేను 1979లో వచ్చిన ఎంకే2 రకాన్ని. పన్నెండు కిలోలకు పైగా తూగుతాను. చాలా ప్లేయర్లను రబ్బరు బెల్టు తిప్పుతుంది. నాకా బాధ లేదు, పళ్ళెం కిందే మోటారు ఉంటుంది. డీజే వేలితో ఆపినా, వెనక్కి లాగినా, వదిలీ వదలగానే మళ్ళీ వేగం అందుకుంటాను. మా మొదటి తరాన్ని ఇంట్లో తీరిగ్గా కూర్చుని సంగీతం వినేవాళ్ళ కోసం చేశారు. డిస్కోలవాళ్ళు వచ్చి ఎత్తుకుపోయారు. అది చూసి, నా తరానికి వచ్చేసరికి, కుడిపక్కన వేగం సవరించే పొడుగాటి మీట పెట్టారు.

నా బతుకంతా ఆ మీటలోనే ఉంది. పైకి ఎనిమిది శాతం, కిందికి ఎనిమిది శాతం. నిమిషానికి 100 బీట్ల పాటను 92 నుంచి 108 దాకా జరపొచ్చు, అంతకు మించి నావల్ల కాదు. పైగా వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది. దాదాపు ఆరు శాతం జరిపితే పాట ఒక స్వరస్థానం పైకెక్కి, నడివయసు గాయని గొంతు కూడా పడుచు గొంతులా వినిపిస్తుంది.

నేను ఒంటరిగా పనికిరాను. జోడెద్దుల్లాగా మేం ఇద్దరం ఉండాలి, మధ్యలో మిక్సరు. నా పాట జనానికి వినిపిస్తుంటే, నా జోడీ పాట డీజే హెడ్‌ఫోన్‌లో ఒక్క చెవికే వినిపిస్తుంది. రెండో చెవి హాల్లోనే ఉంటుంది. రెండు చెవుల్లోనూ బీట్లు ఒకదాని మీద ఒకటి పడేదాకా అతను మీటను వెంట్రుకవాసి జరుపుతూ ఉంటాడు. కుదిరాక మిక్సరు మీద నా బేసు తగ్గించి నా జోడీ బేసు పెంచుతాడు. రెండు బేసులూ ఒకేసారి వదిలితే ఏ పాటా తెలియక అంతా ముద్దవుతుంది. ఒకరు తగ్గితేనే మరొకరికి చోటు. ఈ సూత్రం పాటలకే కాదు, మనుషులకూ వర్తిస్తుందని నాకు లండన్ వెళ్ళాక తెలిసింది.

బ్రిటన్‌లో మొదట నేను పనిచేసింది పట్టపగలు. నవ్వకండి. 1980లలో అక్కడి పంజాబీ, గుజరాతీ, బెంగాలీ పిల్లల్లో చాలామందిని రాత్రిపూట ఇంట్లోంచి కదలనిచ్చేవారు కాదు. పోనీ వెళ్దామన్నా, గోధుమరంగు ముఖాలు చూస్తే గేటు దగ్గరే వెనక్కి పంపే క్లబ్బులకు కొదవ లేదు. అందుకే డేటైమర్లు పుట్టాయి. మధ్యాహ్నం హాలు అద్దెకు తీసుకుని బడి, కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలకు భాంగ్రా వేసేవారు. సల్వార్ కమీజుతో లోపలికొచ్చిన అమ్మాయి బాత్‌రూములో జీన్స్‌లోకి మారేది. ఆట ముగిశాక మళ్ళీ సల్వార్ కమీజు, బుజాన పుస్తకాల సంచి, ఐదు గంటలకల్లా ఇల్లు. ఆలాప్ లాంటి భాంగ్రా బృందాల పాటల తర్వాత నా మీద హిప్‌హాప్, రెగే, హౌస్ పెట్టేవారు. ఆ పిల్లలు ఇంట్లో అమ్మ పాట, వీధిలో స్నేహితుడి పాట వింటూ పెరిగినవాళ్ళు. రెంటినీ ఒక్క చోట విన్నది అక్కడే.

తర్వాత నన్ను తూర్పు లండన్ చేర్చారు. ఆ ప్రాంతం గాలి అప్పుడు మంచిది కాదు. 1993లో అక్కడి మిల్‌వాల్ వార్డులో, వలస వచ్చినవాళ్ళను వెళ్ళగొట్టాలనే బ్రిటిష్ నేషనల్ పార్టీ కౌన్సిల్ సీటు గెలిచింది. అలాంటి రోజుల్లోనే హాక్స్‌టన్ స్క్వేర్‌లోని బ్లూ నోట్ క్లబ్బులో తబలా వాద్యకారుడు తల్విన్ సింగ్ ‘అనోఖా’ అనే రాత్రి మొదలుపెట్టాడు. అదీ సోమవారం, మర్నాడు అందరికీ ఉద్యోగాలుండే రోజు. అదే క్లబ్బులో ‘డ్రమ్ అండ్ బేస్’ అనే వేగమైన సంగీతం వినే కుర్రాళ్ళకు వేరే రాత్రి ఉండేది. వాళ్ళూ ఇటు వచ్చేవారు. ఏషియన్ విద్యార్థులు వచ్చేవారు. చుట్టుపక్కల చవక అద్దెల గదుల్లో ఉండే చిత్రకారులు వచ్చేవారు. మొదట్లో ఎవరి గుంపు వారిది, ఎవరి గోడ వారిది.

వాళ్ళను కలిపిన కిటుకు మన సంగీతం తెలిసినవాళ్ళకు చిటికెలో అర్థమవుతుంది. హిప్‌హాప్ నడక నిమిషానికి 85 బీట్లనుకోండి. డ్రమ్ అండ్ బేస్ 170. నా మీట వంద జన్మలెత్తినా అంత దూరం వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేదు కూడా. ఒకటి మొదటి కాలం, మరొకటి రెండో కాలం. తాళం ఒకటే. నా మీద హిప్‌హాప్ తిరుగుతుండగా డీజే నా జోడీ మీది రికార్డును ఎడంచేత్తో పట్టి, సమం దగ్గర వదిలేవాడు. చెమట పట్టిన ఆ వేళ్ళు వదిలిన క్షణంలో హాలంతా ఒక్కసారి అనుమానంగా చూసేది. అప్పుడు తబలా అందుకునేది. తబలా ఏ కాలానికైనా చుట్టమే. తలూపేవాళ్ళు నెమ్మదిగానే ఊపుతున్నారు, గెంతేవాళ్ళు గెంతుతున్నారు, అడుగు మాత్రం అందరిదీ ఒకే చోట పడుతోంది. ఒకరి పాట ఆపి మరొకరి పాట వేస్తే సగం హాలు బారు దగ్గరకు పోతుంది. రెండూ కలిసి నడిచినంతసేపూ ఎవరికీ కదిలే సందు దొరకదు.

ప్రతిసారీ కుదిరిందని చెప్పను. కొన్నిసార్లు ఫ్లోరు ఖాళీ అయ్యేది. నెమ్మదిగా సాగే ఆలాపన వేసినప్పుడు మరీను. మంచి డీజే భయపడి హిట్టు పాటలోకి పరుగెత్తడు, ఓపిక పడతాడు.

1997లో ఆ రాత్రుల పేరుతోనే ఆల్బమ్ వచ్చింది. అందులో ఏ.ఆర్. రెహమాన్ ‘బొంబాయి’ సినిమాకు చేసిన థీమ్ సంగీతం ఉంది. తెలుగు డబ్బింగులో మీరు విన్న అదే వేణువు, లండన్ డ్రమ్ అండ్ బేస్ బీట్ల పక్కన! 1999లో తల్విన్ సింగ్ ‘ఓకే’ ఆల్బమ్‌కు మెర్క్యురీ సంగీత బహుమతి వచ్చింది. పత్రికలు ఇలాంటి సంగీతమంతటికీ కలిపి ‘ఏషియన్ అండర్‌గ్రౌండ్’ అని పేరు తగిలించాయి. ఖవ్వాలీ, డబ్, ర్యాప్, తబలా అన్నీ ఒకే గాటన కట్టేస్తే కళాకారులకు ఒళ్ళు మండదూ? బొట్టు పెట్టుకున్నందుకు అమ్మాయిలను వీధిలో ఏడిపించిన దేశంలోనే బొట్టుబిళ్ళ ఫ్యాషన్ అయింది. ఫ్యాషన్‌గా వచ్చినవాళ్ళు ఫ్యాషన్‌తోపాటే వెళ్ళిపోయారు. డేటైమర్ల నాటి పిల్లలు మాత్రం అదే తమ సంగీతమని నిలబడ్డారు.

2010లో మా తయారీ ఆగింది. జనం ఊరుకోక, 2016లో మళ్ళీ మొదలైంది. ఇప్పుడు లాప్‌టాప్ మీట నొక్కితే బీట్లు వాటంతట అవే కలుస్తాయి, శ్రుతి కూడా మారదు. మంచిదే. బీట్లు కలపడం ఎప్పుడూ తేలికైన సగమే. ఎదురుగా ఉన్న రెండు గుంపుల్లో ఎవరికి ఎప్పుడు బేసు తగ్గించాలో ఏ యంత్రమూ చెప్పలేదు, నాతో సహా.

మీ ఇళ్ళ పెళ్ళిళ్ళలోనూ ఇప్పుడు డీజేలు ఉంటున్నారు. తీన్‌మార్ తర్వాత భాంగ్రా, ఆ తర్వాత ఏదో తెలియని ఇంగ్లిష్ పాట వస్తుంది. మీది కాని పాట మొదలవగానే కుర్చీ వెతుక్కోకండి. 32 బీట్లు నిలబడి వినండి. ఇంచుమించు పావు నిమిషం. అప్పటికీ కాలు కదలకపోతే నిరభ్యంతరంగా వెళ్ళి భోజనం చేయండి.