పరుగో పరుగు!

రాయగడలో తెల్లారితే చాలు, ఒకటే పరుగు. గురి విశాఖ నేవీ మారథాన్ మీద. అక్షరాలా 42.195 కిలోమీటర్లు! కాళ్లకు వేలు పోసి కొన్న బూట్లు, మణికట్టుకు గుండె దడ లెక్కపెట్టే గడియారం. మజ్జిగౌరి గుడి వైపు కాస్త దూరం ఉరికాక మన వీరుడు టిఫిన్ బండి దగ్గర ఆగుతాడు. ముందు గడియారం ఆపుతాడు, ఆ తర్వాతే ఆయాసపడతాడు. ఊపిరి పోయినా సరే, లెక్క పోకూడదు కదా! ఆపైన ఎనిమిది ఇడ్లీలు, రెండు వడలు. కార్బ్ లోడింగ్ అట! అంటే పిండి పదార్థాలు దండిగా తినడం. అది పోటీకి రెండు మూడు రోజుల ముందు చేసే పని. మనవాడు ఏడాది ముందే మొదలెట్టాడు.

బుధవారం చాటికొణ సంతకు నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కోంధు ఆడవాళ్లు అల్లం, పసుపు, అనాస పళ్లు మోసుకుంటూ దిగివస్తారు. సంత ముగిశాక మళ్లీ కొండెక్కుతారు. వాళ్లకు ఛాతీ మీద నంబరూ లేదు, మెడలో పతకమూ లేదు. ఆ సంతకు మనవాడూ వెళ్తాడు, బైకు మీద. బుధవారం రెస్ట్ డే అట!

విశాఖలో 5 కిలోమీటర్ల పరుగు కూడా ఉంది నాయనా. ముందు దానికి పేరివ్వు.