ఊపిరి పీల్చండి, డెడ్‌లైన్ మరవకండి

ఈమధ్య మన ఆఫీసుల్లో మనశ్శాంతి కూడా కంపల్సరీ అయింది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగం చేసే ఎవరినైనా అడిగి చూడండి. జీతం పెంపు గురించి ఏడాదికో మెయిల్ వస్తే గొప్ప. మానసిక ప్రశాంతత గురించి మాత్రం వారానికి రెండొస్తాయి. పైన తామరపువ్వు, కింద కళ్లు మూసుకుని నవ్వుతున్న తెల్లదొరసాని, ఆ కింద 'మీ క్షేమమే మా సంపద' అనే నినాదం. అందులో సంపద మాట వరకూ నిజమే. అది ఎవరి ఖాతాలో పడుతోందనేదే మెయిల్లో ఉండదు.

ముందే చెప్పేస్తాను, ధ్యానంతో నాకు పేచీ లేదు. తెల్లవారుజామున తులసికోట దగ్గర పది నిమిషాలు కూర్చునే పెద్దావిడనో, పార్కులో ప్రాణాయామం చేసే రిటైర్డు మాస్టారినో వెక్కిరించేంత పాపం నేను చేయను. ఎత్తలేనంత మూట నెత్తిన పెట్టి, ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పడానికి ట్యూటర్ని పంపే యజమానితోనే నా తగాదా. మూటలో ఒక్క ఇటుక తీసేస్తే ట్యూటరు ఖర్చు కూడా మిగిలేదని ఆయనకు తట్టదు. తట్టినా అదెందుకో స్లైడులోకి ఎక్కదు.

ఇక ధ్యానం సెషన్ సంగతి. ఇది ఎప్పుడూ మధ్యాహ్నం ఒకటిన్నరకే ఉంటుంది, అంటే సరిగ్గా భోజనం వేళకు. పనివేళల్లో పెడితే పని చెడుతుంది కదా! ధ్యానం చేస్తున్నట్టు కనిపించాలి కాబట్టి కెమెరా ఆన్‌లో ఉండాలి. బెంగళూరు నుంచి ఒకమ్మాయి వెన్నలాంటి గొంతుతో, 'మీ భుజాల మీదున్న బరువంతా మెల్లగా వదిలేయండి' అంటుంది. సరిగ్గా అప్పుడే తెర మూలన మేనేజరు మెసేజ్ టింగుమంటుంది: 'క్విక్ కాల్?' వదిలేయమన్నది ఏ బరువునో తేలక ఒక కుర్రాడు ఒంటికన్ను తెరిచి, 'మెడిటేషన్‌లో ఉన్నా సార్, ఫైవ్ మినిట్స్' అని కొడతాడు. సమాధికి పతంజలి కూడా ఇంత బిగువైన గడువు పెట్టలేదు. పక్కన పెరుగన్నం డబ్బా మూత తీయకుండా అలాగే ఉంటుంది. 'ఇప్పుడు మీ శరీరం మీకేం చెబుతోందో వినండి' అంటుంది అమ్మాయి.

ఆకలేస్తోందని చెబుతోంది తల్లీ.

సెషన్ అయ్యాక యాప్ ఒకటి అంటగడతారు. రోజూ ధ్యానం చేస్తే పాయింట్లు, ఒక్కరోజు మానితే సున్నా నుంచి మొదలు. టీముల వారీగా లీడర్‌బోర్డు, నెలాఖరున అత్యంత ప్రశాంతంగా ఉన్నవాడికి గిఫ్ట్ వోచర్. పక్క టీమువాడు తనకన్నా ప్రశాంతంగా ఎలా ఉన్నాడా అని నిద్ర పట్టనివాళ్లు తయారయ్యారు. అరిషడ్వర్గాల్లో మాత్సర్యం ఆరోది. మిగతా అయిదింటికీ వచ్చే క్వార్టర్లో ఫీచర్లు వస్తాయేమో చూడాలి.

ఈ సెషన్లలో నేర్పే మైండ్‌ఫుల్‌నెస్ ఆఫీసుల కోసం పుట్టింది కాదు. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దీర్ఘకాలపు నొప్పులతో బాధపడే రోగుల కోసం ఒక కోర్సు పెట్టాడు. మందులకు లొంగని నొప్పితో ఎలా కాపురం చేయాలో నేర్పాడు. అది సబబైన పనే. కానీ శుక్రవారం సాయంత్రం ఏడింటికి 'సోమవారం పొద్దున్నకల్లా కావాలి' అని వచ్చే మెయిల్ మందులకు లొంగని రోగమా? దాన్ని ఫలానా మనిషి, ఫలానా సీట్లో కూర్చుని, ఫలానా క్లయింటుకు తల ఊపి తెచ్చాడు. తీసేయగలిగిన ముల్లును కాల్లోనే ఉంచి, ముల్లును తీర్పు చెప్పకుండా గమనించమంటే దాన్ని వైద్యం అంటారా?

కంపెనీలవారు బుద్ధుణ్ణి కూడా వదల్లేదు. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మనది, అష్టాంగ మార్గం లెక్క మనకు తెలిసుండాలి. అందులో సమ్యక్ స్మృతి ఏడోది, సమ్యక్ ఆజీవం అయిదోది. స్మృతి అంటే ఎరుక, ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్. ఆజీవమంటే ఎవరి నోరూ కొట్టకుండా బతకడం. మన వెల్‌నెస్ వారు అయిదో మెట్టును చప్పుడు చేయకుండా దాటేసి ఏడో దాని మీద చాప పరిచారు. యోగానికీ అదే గతి పట్టింది. పతంజలి ఎనిమిదంగాల్లో ఆసనం మూడోది, యమం మొదటిది. ఆ యమంలోనే ఉంది అస్తేయం, పరుల సొమ్ము దొంగిలించకపోవడం. పరుల ఆదివారం సొమ్ము కిందికి వస్తుందా రాదా అని ఏ కార్పొరేట్ యోగా గురువూ ఇంతవరకు భాష్యం చెప్పలేదు.

గీత సంగతి సరేసరి. అప్రైజల్ సీజను రాగానే టీమ్ లీడ్లకు రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం పూనుతుంది. పని చెయ్యి, ఫలితం అడక్కు. బోనస్ ఎగ్గొట్టడానికి ఇంతకన్నా పవిత్రమైన పద్ధతి కనిపెట్టడం కష్టం. కాకపోతే ఆ మాట చెప్పినాయన పద్దెనిమిది రోజులూ పగ్గాలు పట్టుకుని రథం తోలాడు, బాణాల మధ్యే కూర్చున్నాడు. మన కృష్ణులు యుద్ధం నడుస్తుండగా గోవా ఆఫ్‌సైట్ నుంచి విశ్వరూపం పంపిస్తారు, జిఫ్ ఫైలుగా.

పెద్దల సంగతి చూడండి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో బయటికొచ్చిన వీడియోలో ఎల్ అండ్ టీ అధినేత సుబ్రహ్మణ్యన్ గారు 90కి వేలం పెంచారు, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారంటూ. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లోనే చెప్పాయి. మూర్తిగారు అడిగింది దానిమీద ఇంకో పదిహేను. 2024లో పుణెలో ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే ఒక యువ చార్టర్డ్ అకౌంటెంట్ చనిపోతే, పని భారమే కారణమని ఆమె తల్లి ఉత్తరం రాసింది. ఆ సెప్టెంబరులో చెన్నైలో ఒక కాలేజీ సభలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు, ఒత్తిడిని తట్టుకునే ఆత్మబలం దైవభక్తితో వస్తుందని, అది ఇంట్లో, కాలేజీలో నేర్పాలని సెలవిచ్చారు. బిడ్డను తప్పుపట్టడం తన ఉద్దేశం కాదని తర్వాత వివరణ ఇచ్చారు. కాకపోవచ్చు. కానీ ఆ బిడ్డకు ఎన్ని గంటల పని చెప్పారన్న ప్రశ్నకు దేవుడెందుకు జవాబుదారీ కావాలో మాత్రం ఆ వివరణలో దొరకలేదు.

మన రాష్ట్రాలేమీ తక్కువ తినలేదు. 2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగాసనాలు వేస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. సంతోషం. అదే జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు తొమ్మిది గంటలున్న పని పరిమితిని పదికి పెంచే నిర్ణయమూ తీసుకుంది. తర్వాతి నెల తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో పది గంటలకు తలుపు తీసింది, వారానికి 48 దాటకూడదంటూ. పొద్దున శవాసనం, ఆ తర్వాత పది గంటల షిఫ్టు. ఆసనం పేరు మరీ ముందుచూపుతో పెట్టినట్టుంది.

సరే, ఇన్ని సెషన్ల వల్ల నిజంగా ఏమైనా ఒరిగిందా? బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సర్వే లెక్కలను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ జల్లెడ పట్టి 2024లో ప్రచురించాడు. రెసిలియన్స్ ట్రైనింగు, యాప్, మైండ్‌ఫుల్‌నెస్ వంటివాటిలో పాల్గొన్నవాళ్లు, పాల్గొనని వాళ్లకన్నా ఏమంత మెరుగ్గా లేరు. ఉన్నంతలో కాస్త తేడా కనిపించింది స్వచ్ఛంద సేవ చేసినవాళ్లలోనే. అంటే ఆఫీసు దాటి బయటికెళ్లి ఎవరికో సాయపడినవాళ్లలో. మన బస్తీలో అన్నదానానికి వడ్డన చేసే కుర్రాళ్లను అడిగితే ఆక్స్‌ఫర్డ్ దాకా పోకుండానే చెప్పేవారు.

అసలు ఈ సరుకు మనకు కొత్తేమీ కాదు. 'సర్దుకుపో అమ్మా, ఓర్పు ఆడదానికి ఆభరణం' అని తరతరాలుగా కోడళ్లకు చెప్పింది ఇదే. అత్తను మాత్రం ఒక్కమాట అన్న పాపాన పోలేదు. అప్పట్లో అది ఉచితంగా దొరికేది, ఇప్పుడు దానికి పీపీటీ, జీఎస్టీ వచ్చాయి. ఆఫీసులో సర్దుకుపోయి ఇంటికొచ్చిన ఇల్లాలికి రాత్రి తొమ్మిదిన్నరకు యూట్యూబులో ఇంకొకావిడ 'మీకోసం మీరు అరగంట కేటాయించుకోండి' అని చెబుతుంటుంది. ఆ అరగంట సింకులో ఉంది. దాన్ని తోమి ఇవ్వగలిగిన మనిషి హాల్లో సోఫా మీద పడుకుని, ఆధ్యాత్మిక ప్రవచనం వింటున్నాడు.

బరువు దించడం చేతకాని పనేమీ కాదు. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. అక్కడితో ఆగకుండా మార్కులను బట్టి బ్యాచీలు విడగొట్టవద్దని, నలుగురిలో అవమానించవద్దని, మోయలేని లక్ష్యాలు పెట్టవద్దని కూడా చెప్పింది. అంటే పిల్లవాడికి ఊపిరి పాఠం చెప్పి ఊరుకోకుండా, వాడి గొంతు మీదున్న కాలు తీయమంది. ఫ్రాన్సులో 2017 నుంచి పనివేళలు దాటాక ఆఫీసుకు అందుబాటులో లేకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు బిల్లునే 2018లో పెట్టారు. ప్రైవేటు బిల్లుల గతి తెలిసిందే, ధ్యానముద్రలో ఉంటాయి.

నిజంగా మనసు చెదిరి, నిద్ర కరువై, బతకబుద్ధి కాని స్థితిలో ఉన్నవారికి ఈ వ్యంగ్యం వర్తించదు. వారు లీడర్‌బోర్డును నమ్ముకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, లేదా టెలి-మానస్ 14416కు ఫోన్ చేయాలి. 2022 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. తామరపువ్వు మెయిళ్లలో ఈ నంబరు ఎక్కడో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే అదృష్టం.

మిగతా మనందరికీ ఒక్క విన్నపం. ఈసారి వెల్‌నెస్ సెషన్ ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చినప్పుడు అలవాటుగా అయిదు చుక్కలూ నొక్కేసి లేచిపోకండి. చివర 'ఇతర సూచనలు' అని ఒక గడి ఉంటుంది. అందులో రాయండి: టీములో ఖాళీ అయిన రెండు సీట్లూ నింపండి, రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చేయకండి, భోజనం వేళ భోజనం చేయనివ్వండి. పేరు బయటపడుతుందని భయం వద్దు, ఫారం పూర్తిగా గోప్యమని మెయిల్లోనే రాశారు. ఎంప్లాయీ ఐడీ గడి నింపకపోతే మాత్రం సబ్మిట్ అవదు.