వినకూడని సలహాలు

‘క్యాన్సర్‌నే లొంగదీసే మందుకు వైరస్ ఓ లెక్కా? వేసేసుకోండి.’ ప్రేమతోనే చెబుతారు. అయినా వినకండి. క్యాన్సర్ మందుల్లో చాలావరకు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. మన ఎముక మజ్జలో రక్తకణాలు పుట్టేదీ అంతే వేగంగా. వైరస్‌తో పోరాడాల్సిన తెల్లకణాలు ముందు అక్కడే తగ్గిపోతాయి.

‘ఫెయిలైన మందు ఎందుకు, పారేయండి’ అనేది ఇంకో సలహా. ఇదీ తప్పే. అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ 1964లో క్యాన్సర్ కోసం ఏజెడ్‌టీ అనే మందు తయారుచేశారు. ఎలుకల ల్యుకేమియా మీద అది పనిచేయలేదు. పేటెంటు కూడా తీసుకోకుండా పక్కన పెట్టేశారు. 1985లో అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో శామ్యూల్ బ్రోడర్, హిరోఆకి మిత్సుయా దాన్ని హెచ్‌ఐవీ మీద పరీక్షించారు. వైరస్ తన డీఎన్‌ఏ గొలుసు అల్లుకుంటుంటే ఈ మందు కొక్కెం లేని లింకులా వెళ్లి చేరుతుంది. తర్వాతి లింకు తగలడానికి చోటుండదు, అల్లిక అక్కడితో ఆగిపోతుంది. 282 మంది ఎయిడ్స్ రోగుల మీద ట్రయల్ చేస్తే ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 మంది, మందు తీసుకున్నవారిలో ఒక్కరు చనిపోయారు. 1987 మార్చిలో అనుమతి వచ్చింది. అటకెక్కిన మందు ఎయిడ్స్‌కు తొలి మందు అయింది. ఆ ట్రయల్ సంఖ్యలు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

‘డోసు పెంచితే త్వరగా తగ్గుతుంది’ అనేవాళ్లకూ ఇదే కథ చెప్పండి. మొదట్లో ఏజెడ్‌టీని రోజుకు 1500 మిల్లీగ్రాములు, అర్ధరాత్రి కూడా లేపి నాలుగు గంటలకోసారి ఇచ్చారు. రక్తహీనత ముదిరి చాలామందికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. 1990లో 600కు తగ్గించారు. ఒక్క మందే వాడితే వైరస్ దానికి అలవాటుపడుతుందని తేలాక, 1996 నాటికి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది.

ఇక మన హైదరాబాద్ సంగతి. 2డీజీ అనే మందును చాలాకాలంగా క్యాన్సర్ చికిత్స కోసం పరిశోధిస్తూ వచ్చారు. అది చూడటానికి గ్లూకోజులా ఉండి, కణానికి శక్తి అందకుండా చేస్తుంది. డీఆర్‌డీఓ, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కలిసి దాన్ని కోవిడ్‌కు పరీక్షించాయి. 2021 మేలో అత్యవసర అనుమతి దొరికింది. పొడి మందు కదా, ‘నీళ్లలో కలుపుకుని ఇంట్లోనే తాగేయొచ్చు’ అనిపిస్తుంది. కానీ అనుమతి ఆసుపత్రిలో ఉన్నవారికే, అదీ మామూలు చికిత్సకు తోడుగా. గర్భిణులకు ఇవ్వొద్దనీ, షుగరు అదుపులో లేనివారి విషయంలో జాగ్రత్త అనీ అప్పుడే చెప్పారు.

మీ ఇంట్లో ఎవరిదైనా క్యాన్సర్ మందు మిగిలిపోయి ఉంటే, జ్వరమొచ్చిన పక్కింటివాళ్లకు దయచేసి ఇవ్వకండి. వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.