ఎవరి గాలి వారిదే

భారతీయుల ఊపిరితిత్తులు మహా గట్టివి. నేనంటున్న మాట కాదిది, సర్కారు లెక్కలు చెబుతున్న మాట. గాల్లో తేలే సన్నటి ధూళి, అదే పీఎం 2.5, ఘనపు మీటరుకు రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన ప్రమాణం 60. అంటే జెనీవాలో కూర్చున్నవాడికన్నా ఢిల్లీ జనక్‌పురిలో నిలబడ్డవాడు నాలుగింతలు దిట్టమైన మనిషన్నమాట. ఏడాది సగటు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. వాళ్లకు 5, మనకు 40. పైగా మన వాయు నాణ్యతా సూచీ 500 దగ్గర ఆగిపోతుంది. ఆపైన గాలి ఎంత చెడినా బోర్డు మీద 500 అనే ఉంటుంది. అంతకుమించి చెడిపోవడానికి ప్రభుత్వం అనుమతించదు.

ఇంత కట్టుదిట్టమైన ఏర్పాట్లున్నా కొందరికి దగ్గు ఆగదు. మా మేనల్లుడు అలాంటివాడే. సివిల్స్ చదవడానికి ఢిల్లీ పాత రాజిందర్‌నగర్‌లో స్నేహితుడితో కలిసి గది తీసుకున్నాడు. రెండు మంచాలు వేశాక ఒకడు లేచి నిలబడాలంటే రెండోవాడు కాళ్లు ముడుచుకోవాలి. 2025 దీపావళి వెళ్లిన వారానికి ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టాను."

"అంత డబ్బు ఎక్కడిదిరా?"

"కొనలేదు, చేశాను. కొనాలంటే పది పదిహేను వేలు. జీఎస్టీయే 18 శాతం."

స్వచ్ఛమైన గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే అంది. హక్కు ఉచితం, దాన్ని వాడుకునే యంత్రానికి మాత్రం 18 శాతం పన్ను. పాలిటీ పేపరుకు పనికొచ్చే పాయింటేనని వాడూ ఒప్పుకున్నాడు.

చేసిన పద్ధతి కూడా చెప్పాడు. కోవిడ్ వచ్చిన 2020లో అమెరికాలో రిచర్డ్ కోర్సీ అనే ప్రొఫెసరు ఆలోచన చెబితే, టెక్సస్‌లో ఫిల్టర్ల కంపెనీ నడిపే జిమ్ రోసెంథాల్ దాన్ని చేసి చూపించాడు. ఒక చదరపు ఫ్యాను, నాలుగైదు ఫిల్టర్లు, టేపు, కాస్త అట్ట, అంతే సరంజామా. అంతకుముందే, 2013లో, బీజింగ్ పొగలో చిక్కుకున్న థామస్ టాల్‌హెల్మ్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థి మామూలు ఫ్యానుకు సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టరు కట్టి, గదిలో ధూళి ఎంత తగ్గిందో కొలిచి మరీ చూపించాడు.

అమెరికా చదరపు ఫ్యాను మన బజార్లో దొరకడం కష్టం. మావాడు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను తెచ్చాడు. అట్టపెట్టెకు రెండు పక్కలా కిటికీల్లా కోసి హెపా ఫిల్టర్లు బిగించాడు, నెత్తిన ఫ్యాను కూర్చోబెట్టాడు. ఫ్యాను పెట్టెలోని గాలిని పైకి తోసేస్తుంటే గదిలోని గాలి ఫిల్టర్ల గుండా లోపలికి రాక తప్పదు. ఫిల్టరు అంచు మీద బాణం గుర్తుంటే అది పెట్టె లోపలికి చూడాలి. ఆ తర్వాత అసలు పని టేపుది. గాలి కూడా మన ఆఫీసుల్లో ఫైలు లాంటిదే, పక్కన సందు దొరికితే సక్రమ మార్గంలో పోదు. అందుకని ఫిల్టరు అంచులు, ఫ్యాను మూలలు, అట్ట కీళ్లు అన్నీ టేపుతో మూసేశాడు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే ధూళితో వ్యవహారం మరి. ఫ్యాను, ఫిల్టర్లు, టేపు అన్నీ కలిపినా కొత్త యంత్రం ఖరీదులో మూడో వంతు కాలేదట. తెల్లగా తెచ్చిన ఫిల్టర్ల మడతలు నెల తిరిగేసరికి బూడిద రంగుకు మారాయి. వాడు ఫొటో పంపాడు. ఢిల్లీ కాలుష్యం మీద నేను చదివిన నివేదికలన్నిటిలో అదే సూటిగా ఉంది.

కబురు ఇంటి ఓనరుకు చేరింది. ఆయన వచ్చి పెట్టె చుట్టూ తిరిగి చూసి, మెచ్చుకుని, మర్నాడే గేటుకు బోర్డు తగిలించాడు: గదులు అద్దెకు ఇవ్వబడును, వైఫై, శుద్ధి చేసిన గాలి కలదు. అద్దె వెయ్యి పెరిగింది.

ఇంత చేసినా ఒక రాత్రి గదిలో ధూళిని కొలవడానికి పెట్టుకున్న మీటరు అంకెలు పైకెక్కాయి. పెట్టె తిరుగుతూనే ఉంది, టేపు ఊడలేదు, కిటికీ తీయలేదు. వెతగ్గా వెతగ్గా స్నేహితుడి మంచం కింద దోమల చుట్ట దొరికింది. ఒక్క చుట్ట కాలిస్తే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. మావాడికి రెండు దారులు కనిపించాయి: ఇంకో పెట్టె చేయడం, లేదా చుట్ట బయట పారేయడం. ఇంకా ఆఫీసరు కాలేదు కాబట్టి రెండోదే చేసి, దోమతెర కొన్నాడు.

ఆఫీసర్లు మొదటిదే చేస్తారు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో 2021 ఆగస్టులో స్మాగ్ టవర్ ప్రారంభించారు. 24 మీటర్ల ఎత్తు, 40 ఫ్యాన్లు, 20 కోట్లకు పైగా ఖర్చు. సూత్రం మావాడి అట్టపెట్టెదే: ఫ్యాను, ఫిల్టరు. తేడా ఒక్కటే, మావాడి గదికి తలుపుంది. 2023 నవంబరులో, సరిగ్గా పొగ కమ్మిన రోజుల్లో, ఆ టవరు మూతపడి ఉంటే సుప్రీంకోర్టు కలగజేసుకుని నడపమనాల్సి వచ్చింది. పొగను వానతో కడిగేద్దామని 2025 అక్టోబరు 28న మేఘమథనం కోసం విమానం ఎగిరింది. మేఘాల్లో తేమ చాల్లేదు, ఢిల్లీలో వాన పడలేదు. అదే చలికాలంలో, గాలిని కొలిచే కేంద్రాల చుట్టూ నీళ్లు చల్లిస్తున్నారని ప్రతిపక్షం ఆరోపించింది. నిజమే అయితే అందులోనూ ఒక పొదుపుంది. నగరమంతా తడపడంకన్నా మీటరును తడపడం చౌక.

హైదరాబాద్‌లో కూర్చుని దీనికి నవ్వుకోవాల్సిన పనేం లేదు. 2019లో కేంద్రం మొదలెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలు తప్పిన నగరాల జాబితాలో హైదరాబాదు, నల్లగొండ, విశాఖ, విజయవాడ కూడా ఉన్నాయి. మన గల్లీలో మున్సిపాలిటీ చీపురు లేపే దుమ్ము, మూలన కాలుతున్న ప్లాస్టిక్ చెత్త ఆ జాబితాలో మన సీటును భద్రంగా కాపాడుతున్నాయి.

ప్రభుత్వానికి గాలి సంగతి తెలియదని అనుకుంటే మాత్రం పొరపాటు. 2014 నుంచి 2017 మధ్య ప్రధాని కార్యాలయానికి, కొన్ని కేంద్ర శాఖలకు కలిపి 140 ప్యూరిఫయర్లు కొన్నారు. అయిన ఖర్చు సుమారు 36 లక్షలు. అంటే ఒక్కోటి పాతిక వేల పైచిలుకు. సమస్యను గుర్తించడంలో సర్కారు ఎక్కడా ఆలస్యం చేయలేదు. ముందు పై గదుల్లోంచి పరిష్కారం మొదలెట్టింది, కింది గదుల దాకా ఇంకా రాలేదు.

మొన్న కోచింగ్ సెంటర్‌లో మావాడికి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టారు. ఢిల్లీ గాలిని బాగుచేయాలంటే ఏం చేస్తావని అడిగారట.

"పొగ ఎక్కడ పుడుతోందో అక్కడే ఆపాలి సార్. బండ్లు, దుమ్ము, చెత్త మంటలు, పొలాల్లో కాల్చే గడ్డి, ఫ్యాక్టరీ గొట్టాలు. మా గదిలో నేను అదే చేశాను."

"అలా చెబితే మార్కులు రావు బాబూ. వివిధ శాఖల సమన్వయంతో బహుముఖ వ్యూహం అవసరం అనాలి."

మావాడు శ్రద్ధగా నోట్సులో రాసుకున్నాడు. వచ్చే ఏడు ర్యాంకు వస్తే 141వ యంత్రం వాడి గదిలోనే పెడతారు.