శ్రీ బొంతనౌకా విజయము

ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండి తీరాలని లాక్షణికులు శాసించారు. పురం, సముద్రం, పర్వతం, మంత్రాలోచన, దౌత్యం, ప్రయాణం, యుద్ధం వగైరా. విజయవాడలో ఒకానొక అపార్టుమెంటు మూడో అంతస్తులోని డబుల్ బెడ్రూం ఫ్లాటులో ఇవన్నీ సమృద్ధిగా ఉన్నాయి. పర్వతం ఇస్త్రీకి వెళ్ళని బట్టల రూపంలో ఉంది. సముద్రం, పంపు కట్టెయ్యడం మరిచిన పూట బాత్రూంలో అవతరిస్తుంది. కనుక కావ్యానికి లోటు లేదు. ఇక కథావస్తువు: ఆరేళ్ళ అమ్మాయికీ మూడేళ్ళ అబ్బాయికీ బొమ్మల పుస్తకాలు చూసుకోవడానికి హాల్లో ఒక మూల కట్టుట. పొడవు నాలుగడుగులు, వెడల్పు మూడడుగులు. వామనుడు అడిగిందీ మూడడుగులే. ఆ లెక్క ఎక్కడిదాకా పోయిందో తెలిసినవారు ఈ కథను తేలిగ్గా తీసుకోరు.

అవతారిక

ముందుగా విఘ్నేశ్వరునికి వందనం. వ్యాసుడు చెబుతుంటే భారతం రాసిపెట్టినవాడని మాత్రమే కాదు. అంత బొజ్జతో ఎలుక మీద సర్దుకు కూర్చోగలిగినవాడు గనుక. ఇరుకు చోట కూర్చునేవారికి ఆయనే దిక్కు.

తరువాత పూర్వకవి స్తుతి. 1945లో ‘బాల’ పత్రికను పెట్టిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారికీ, రేడియో అక్కయ్య కామేశ్వరి గారికీ, 1947 జూలైలో ‘చందమామ’ను పొడిపించిన నాగిరెడ్డి-చక్రపాణులకూ, భేతాళుణ్ణి నెలనెలా విక్రమార్కుడి భుజానికెత్తిన చిత్రకారులు శంకర్ గారికీ, ‘బుడుగు’ను కన్న ముళ్ళపూడి వారికీ, వాడికి గీతల్లో ఒళ్ళిచ్చిన బాపు గారికీ జోతలు.

కుకవి నింద కూడా ఆచారమే. పిల్లల గదికి మబ్బులూ నక్షత్రాలూ ఇంద్రధనుస్సూ అతికించి, ఫోటో తీసి నలుగురికీ పంపి, అందులో విప్పిన పుస్తకం ఒక్కటైనా లేదని గమనించని వారికి దూరం నుంచే ఒక దండం.

ప్రథమాశ్వాసం: శత్రుసేనా వర్ణన

బీరువాకూ బాల్కనీ తలుపుకూ నడుమనున్న ఆ మూలను అప్పటికే మహారథులు ఆక్రమించి ఉన్నారు. అగ్రభాగాన కూలర్. ఏసీ పట్టాభిషిక్తుడైన నాడే రాజ్యభ్రష్టుడై, “పనికొస్తుందేమో ఉంచండి” అన్న ఒక్క వాక్యం నీడన అజ్ఞాతవాసం చేస్తున్నాడు. అతని కుడివైపున వ్యాయామ సైకిలు. ఇంటి యజమాని కొత్త సంవత్సరం నాడు ఎక్కి సంక్రాంతి అరిసెలకు దిగిన రథమది; ఆపైన తడి తువ్వాళ్ళకు ధ్వజస్తంభమై శోభిల్లుతోంది. ఎడమవైపున పాత పేపర్ల దొంతర, కిలో రేటు పెరగాలని తపస్సు చేస్తూ. వెనుక, పైన చెప్పిన వస్త్రపర్వతం. అందరికీ వెనుక, గోడకు ఆనుకొని, కుంకుమ బొట్టుతో, నోటికి గుడ్డ కట్టుకొని మౌనవ్రతంలో ఉన్న ఆవకాయ జాడీ. ఆ ఒక్కదాన్ని కదిలించే అధికారం దిక్పాలకులకు కూడా లేదు. అది నాయనమ్మగారి పక్షం.

కూలర్‌ను వాచ్‌మన్ తీసుకున్నాడు. పేపర్లు పాత రేటుకే పోయాయి. సైకిలు రథం బాల్కనీకి తరలింది, తువ్వాళ్ళకు అక్కడ ఎండ కూడా దొరికింది. వస్త్రపర్వతమూ కదిలింది. మిగిలింది జాడీ. కావ్యనాయకుడైన ఇంటి యజమాని సంధికి బయలుదేరాడు.

“అమ్మా, ఆ జాడీ వంటింట్లో పెట్టుకోరాదూ?”

“ఏరా, పొయ్యి వేడి తగలని చోటు వంటింట్లో ఎక్కడుందో నువ్వు చూపించు.”

“పిల్లలకి పుస్తకాల మూల కడదామని…”

“ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!” అని ఆవిడ లేచి, జాడీని తన మంచం కిందికి తానే జరిపించుకుంది. హస్తినాపురంలో కృష్ణ రాయబారం విఫలమైంది. విజయవాడలో ఇది ఫలించింది.

ద్వితీయాశ్వాసం: మంత్రాలోచన

ఆ మూల ఏ రూపం ధరించాలన్న దానిపై సభ తీరింది. తండ్రి సౌరకుటుంబం అన్నాడు. తల్లి అడవి అంది. అమ్మాయి రైలు కావాలంది. అబ్బాయికి జీవితంలో ఒకటే ఆదర్శం. “జేసీబీ” అని ప్రకటించి నేల మీద వాలాడు. సభ నాలుగు ముక్కలైన ఆ తరుణాన నాయనమ్మ భీష్మ పీఠం నుంచి పలికింది: “పడవ కట్టండర్రా. మా నాన్న పడవలోనే పుస్తకాలు తెచ్చుకునేవాడట.”

ఇది కట్టుకథ కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవ నిండా పుస్తకాలు వేసి, రేవు రేవునా ఆపి, ఊళ్ళవాళ్ళకు చదువుకోనిచ్చారు. ఇదే బెజవాడలో 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారు మొదలైన పెద్దలు గ్రంథాలయాల కోసం మహాసభ జరిపారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి పోవాలి అన్నది వారి పట్టు. రేవుకు రాలేని మూడేళ్ళ పాఠకుడికి హాలు మూలకే పడవ రావడం ఆ న్యాయానికి కొనసాగింపే.

“పడవ!” అంది అమ్మాయి. “జేసీబీ పడవ,” అన్నాడు అబ్బాయి. జేసీబీ బొమ్మను లంగరుగా వాడేటట్టు ఒడంబడిక కుదిరింది.

తృతీయాశ్వాసం: నౌకా నిర్మాణం

విశ్వకర్మ కలియుగంలో వడ్రంగి రూపాన తిరుగుతున్నాడు. “రేపొస్తా సార్” అన్నాడు. బ్రహ్మకు ఒక పగలంటే మనకు 432 కోట్ల సంవత్సరాలని పురాణ గణితం. ఆయన ఏ కొలతలో అన్నాడో అడగడం నాయకుడు మరిచాడు. అయితే ఒకనాడు నిజంగానే వచ్చి, సన్నటి అరలు రెండు కొట్టి ఇచ్చాడు. అమ్మాయి నడుము ఎత్తున ఒకటి, అబ్బాయి మోకాలి ఎత్తున ఒకటి. మామూలు అరలు కావవి. పుస్తకాలు వరసగా వెన్ను చూపించి నిలబడవు. ముఖం చూపించి, ముందుకు పడకుండా చిన్న పట్టీకి ఆనుకుని ఉంటాయి. వెన్ను మీద పేరు చదవడం మూడేళ్ళవాడికి రాదు కదా. వాడికి పులి బొమ్మే పులి పుస్తకం పేరు. ఇంకొక జాగ్రత్త: అరలను మరలతో గోడకు గట్టిగా బిగించారు. అర అంటే మెట్టు అన్నది బాలకుల వ్యాకరణం.

పడవ ఒళ్ళు వాషింగ్ మిషన్ వచ్చిన అట్టపెట్టె. దానికి నాయకుడు కత్తెరతో ముక్కు తీర్చి, నీలం రంగు పూసి, సగం తన లుంగీకి కూడా పూసుకున్నాడు. తెరచాప నాయనమ్మగారి మంగళగిరి నేత చీర. ఉతికి ఉతికి మెత్తబడి, ఇక గాలిని పట్టడానికే తగినంత పలచబడినది. దాన్ని తాళ్ళతో బిగించబోతే తల్లి వారించింది: “ఏమండీ, మెడకి చుట్టుకునేంత తాడు పిల్లల దగ్గర వద్దు.” తెరచాపను పైన గోడకే బిగించారు. ఆసనం పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత. కావ్యానికి పేరు దాని నుంచే వచ్చింది. పదిమంది అత్తల, పిన్నుల, మేనత్తల అంచులు అందులో ఇరుగుపొరుగులై ఉన్నాయి. ఏ అంచు ఎవరిదో నాయనమ్మ వేలుపెట్టి చెబుతుంది. అదే ఆ పడవలో మొదట చదివిన పుస్తకం.

చంద్రోదయ వర్ణన లేకుండా ప్రబంధం సాగదు. బీసెంట్ రోడ్డులో రంగురంగుల మినుకు దీపాల దండ కొని తెచ్చాడు నాయకుడు. మొదటి రాత్రే తేలింది, మినుకుమినుకుమనే వెలుగులో కళ్ళు చికిలించుకోవడమే తప్ప అక్షరం కనబడదని. అప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఒకటి, 3000 కెల్విన్ పసుపు ఛాయలోది, పిల్లల భుజం వెనుక నుంచి పేజీ మీద పడేటట్టు గోడకు పెట్టారు. వైరు చేతికందదు, బల్బు గుడ్డకు తగలదు. పున్నమి ఇంతకన్నా ఏం చేస్తుంది!

చతుర్థాశ్వాసం: అంతఃపుర విమోచన

పడవ సిద్ధం. సరుకేది? సరుకంతా షోకేసులో ఉంది. డిన్నర్ సెట్టుకూ కొండపల్లి ఏనుగు అంబారీకీ మధ్య, అద్దాల వెనుక, తాళం మాటున, బైండు చేయించిన చందమామలు అసూర్యంపశ్యలై కాలం గడుపుతున్నాయి. వచ్చిన చుట్టాలు చూసి మెచ్చుకోవాలి, పిల్లలు ముట్టుకోరాదు. రావణుడైనా సీతను అశోకవనంలో, ఆరుబయట ఉంచాడు.

తాళం తీశారు. లోపల ఒక రాక్షసి పొంచి ఉంది: తెల్లటి నాఫ్తలీన్ గోళీ. పుస్తకాలకు పురుగు పట్టకుండా పెద్దలు వేసినదే. కాని పసివాడికది పిప్పరమెంటు. నోట్లో వేసుకుంటే నెత్తురులోని ఎర్రకణాలను విరగ్గొట్టే విషం. దాన్ని మొదట బయటకు పంపి, పుస్తకాలను దులిపి నీడపట్టున ఆరబెట్టి, ఎండిన వేపాకు పెట్టారు. ఆపైన పౌరులు నౌక ఎక్కారు: చందమామలు, బుడుగు, సికింద్రాబాదు ‘మంచి పుస్తకం’ వారి పలచటి బొమ్మల కథలు, నేషనల్ బుక్ ట్రస్టువి కొన్ని, జనవరి పుస్తకాల పండగలో కొన్నవి కొన్ని. బుజ్జివాడికి మందపాటి అట్టల పుస్తకాలు. వాటి రుచి కూడా వాడు చూశాడు. ఒకేసారి పదో పన్నెండో అరలో పెట్టి, తక్కినవి పైన దాచి, అప్పుడప్పుడూ మారుస్తారు. మళ్ళీ కనబడ్డ పాత పుస్తకానికి కొత్త అల్లుడి మర్యాద.

పంచమాశ్వాసం: యుద్ధం

నౌకాధ్యక్షురాలు అమ్మాయి. తొలిరోజే శాసనం వేసింది: ఫోనుతో పడవ ఎక్కరాదు. నాయకుడి ఫోను చెప్పుల స్టాండు మీద శరణు పొందింది. టీవీ మహారాజుకు కూడా ధర్మశాస్త్రం ఉంది. రెండేళ్ళ లోపు వారికి తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ వారికి పెద్దల కనుసన్నల్లో రోజుకు గంట మించరాదనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది. మహారాజు ఆ గంటతో సామంతుడయ్యాడు.

నాయకుడు మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడవలో కూర్చున్నాడు. పులి కథ చదివాడు. “మళ్ళీ” అన్నాడు కొడుకు. చదివాడు. “మళ్ళీ.” వాలి సుగ్రీవుల ద్వంద్వయుద్ధం కూడా ఇంత సేపు జరగలేదు. ఈసారి నాయకుడు యుక్తిగా ఒక పుట దాటేశాడు. మూడేళ్ళ విమర్శకుడు పుట వెనక్కి తిప్పి వేలు పెట్టాడు. అక్షరం రాకపోయినా వాడికి కథ కంఠస్థమైంది. చదివినదే చదవమనడం మొండితనం కాదని, మాటలు పట్టుబడేది అలాగేనని ఆ వేలు చెప్పింది. “పులి ఎందుకు ఏడుస్తోంది నాన్నా?” అని అమ్మాయి ప్రశ్న. చదవడం ఆగి, మాట్లాడుకోవడం మొదలైంది. అదే నౌకాయానం.

ఇంతలో పిడుగు. పర్ మని చప్పుడు. చందమామలో భేతాళుడు చెట్టు నుంచి కాదు, నడుము దగ్గర నుంచి వేరయ్యాడు. నాయకుడు గర్జించాడు, షోకేసు తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. నాయనమ్మ అడ్డుపడింది.

“చిరిగితే అంటిస్తాంరా. చదవకపోతే ఏం పెట్టి అంటిస్తావ్?”

శరపరంపర ఆగిపోయింది. సెల్లోటేపు కొన్నాళ్ళకు పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది గనుక ఆవిడే పలచటి కాగితం పేలిక, గంజి జిగురు తెచ్చి, భేతాళుణ్ణి నడుం కట్టి కూర్చోబెట్టింది. చింపిన వీరుడి చేతే పుట ఒత్తించింది. వాడు ఆ పుటను ఇంటికి వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపిస్తున్నాడు.

ఫలశ్రుతి

ఈ కావ్యాన్ని విన్నవారికి పుణ్యం వస్తుందో రాదో గాని, ఇల్లు సర్దినంత ఫలం తప్పక వస్తుంది. పడవే కట్టనక్కరలేదు. మడత మంచం కింద చాప పరిచినా చాలు; వెలుగు పేజీ మీద పడాలి, పుస్తకం ముఖం కనబడాలి, పక్కన పెద్దవాళ్ళొకరు ఫోను లేకుండా కూర్చోవాలి. ఈ మూడూ లేని మూల ఎంత అందంగా ఉన్నా అది మరో షోకేసే. కనుక అమ్మలారా, అయ్యలారా, ఇవాళ రాత్రి భోజనాలయ్యాక అద్దాల తలుపు తీసి నాలుగు పుస్తకాలు పిల్లల మోకాలి ఎత్తున పెట్టండి. చిరిగితే చిరగనివ్వండి.