ఒక కారు, ఆరు ఫోన్లు

లాస్ వేగస్‌లో కారు అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్ చూడబోయే తెలుగు కుటుంబాల కోసం ఈ సలహాలు. దారి దాదాపు 450 కిలోమీటర్లు, మనుషులు అయిదుగురు, ఫోన్లు ఆరు. మామగారికి రెండు. ఒకటి మాట్లాడటానికి, రెండోది ఇండియా నంబరుతో ఓటీపీల కోసం. చార్జింగు సంగతి ఇంటి దగ్గరే ఆలోచించుకుంటే దారి పొడుగునా వాదించుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి ఆలోచించకండి.

సూట్‌కేసులో యూనివర్సల్ అడాప్టర్ తప్పకుండా పెట్టండి. అది గోడకు పెట్టేదని, కారులో గోడ ఉండదని ఎవరైనా అంటే అసూయ అనుకోండి. గోడ ప్లగ్గులు దేశానికో తీరు. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ మాత్రం విజయవాడ టాక్సీలోనైనా నెవాడా కారులోనైనా అదే ఆకారం, అవే 12 వోల్టులు. అందులో దూర్చే బుల్లి చార్జరు మన ఫోన్ల కొట్లలో కొన్ని వందలకే దొరుకుతుంది. అంత చవకది పట్టుకుని అమెరికా వెళ్తే పరువేం కాను? ఇక పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టండి. అది చేతి సంచిలోనే ఉండాలనే నియమాన్ని విమానాశ్రయం వాళ్లు స్వయంగా పిలిచి మరీ గుర్తుచేస్తారు.

కారులో యూఎస్‌బీ రంధ్రం కనిపించగానే సంబరపడండి. పాత మోడళ్లలో అది పాటల కోసం పెట్టినది. అయిదు వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. మ్యాపు నడుస్తూ తెర పూర్తి వెలుగులో ఉన్న ఫోనుకు అది చాలదు. మెరుపు గుర్తు వెలుగుతూనే ఉంటుంది, శాతం దిగుతూనే ఉంటుంది. నెలనెలా వడ్డీ కడుతున్నా పెరిగే అప్పు లాంటిదన్నమాట.

ఉన్న ఒక్క రంధ్రం ఎవరిదన్నది అసలు ప్రశ్న. దారి చూపే ఫోనుకే ముందు అనేది ఇంజనీర్ల తర్కం, కుటుంబాల్లో చెల్లదు. కింగ్‌మన్ చేరేలోపే వెనక సీటు నుంచి అత్తగారి గొంతు వినిపిస్తుంది: "బాబూ, మీది నిండిందేమో చూడండి, నాది పన్నెండే ఉంది." వెంటనే తీసి ఇవ్వండి. ఆ తర్వాత పాప ట్యాబ్. కార్టూన్ ఆగితే మొదలయ్యే ఏడుపు కంటే దారి తప్పడమే నయం. మామగారి ఓటీపీ ఫోనుకు మాత్రం ఎప్పుడూ అగ్రతాంబూలమే. అది నూరు శాతం నిండాక, సెలిగ్మన్ దాటాక, దానికి రోమింగ్ వేయించలేదని బయటపడుతుంది. "మావయ్యగారూ, ఇక తీసేద్దామాండీ?" అని అడక్కండి. ఆయనకు తెలుసు.

ఫోను తగిలించగానే కారు తెర మీద కాంటాక్టులు పంచుకోమంటారా అని వస్తుంది. చదవకుండా సరేననండి. పాత అద్దెదారుల ఫోన్ల పేర్లు అక్కడ కొలువుదీరి ఉంటాయి, మీ పేరూ చేరుతుంది. అద్దె కారు యూఎస్‌బీ ద్వారా ఫోనులోని సమాచారం కారులోకి పోవచ్చని, చార్జింగు వరకే అయితే లైటర్ సాకెట్ వాడుకోమని, కారు తిరిగిచ్చే ముందు అన్నీ చెరిపేయమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లోనే చెప్పింది. ప్రభుత్వం మాట మనం ఎప్పుడు విన్నాం గనక? మీ తర్వాత కారెక్కే ఒహాయో పెద్దమనిషి 'గ్యాస్ బండ', 'పాలబ్బాయి', 'పెద్దత్తయ్య కొత్తది' అన్న పేర్లు చూసి మన సంస్కృతి తెలుసుకుంటాడు.

ఇన్వర్టర్ తెచ్చుకున్న వాళ్లు అదృష్టవంతులు. సాకెట్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే వచ్చేది 180 వాట్లు, రైస్ కుక్కర్ అడిగేది అయిదారు వందలు. అయినా బియ్యం కడిగి స్విచ్ నొక్కండి. ఫ్యూజు పోతుంది, దాంతోపాటు సాకెట్టూ మూగబోతుంది. ఫ్యూజు డబ్బా ఎక్కడుందో కారు మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ పీడీఎఫ్ ఫోనులో ఉంది. ఫోను ఎప్పుడో ఆరిపోయింది.

కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా సాకెట్‌లో కరెంటు వస్తూనే ఉంటుంది, కొన్నింటిలో రాదు. మీది ఏ రకమో కనుక్కోకుండా, రాత్రంతా అన్నీ తగిలించి నిద్రపోండి. తెల్లారితే తెలుస్తుంది.

కారు తిరిగిచ్చేటప్పుడు కేబుల్ సీటు సందులో వదిలేయండి. తర్వాత ఎక్కేదీ తెలుగువాళ్లే అయితే, తీసి చూసి, "ఇది మన ఫోనుకు పట్టదే" అనుకుంటారు.