లాభానికి ఆరోగ్యం

ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం, అంటే నిర్వహణ ప్రైవేటు సంస్థదీ బిల్లు ఖజానాదీ అయిన ఏర్పాటు, దక్షిణాఫ్రికా నడుమనున్న చిన్న రాజ్యం లెసోతోలో ఎంత పుష్టిగా ఎదిగిందో చూస్తే రోగులకే అసూయ కలుగుతుంది. ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఆర్థిక సంస్థ సలహాతో, నెట్‌కేర్ కంపెనీ నాయకత్వంలోని త్సెపోంగ్ కూటమికి 18 ఏళ్ల ఒప్పందం రాసిచ్చి, రాజధాని మసేరులో 2011లో తెరిచిన క్వీన్ మమొహాతో స్మారక ఆస్పత్రి, పాత ఆస్పత్రికి దాదాపు మూడింతల ఖర్చుతో ఆరోగ్య బడ్జెట్‌లో 51 శాతాన్ని ఆరగిస్తోందని 2014లో స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ లెక్కగట్టింది. ప్రపంచ బ్యాంకు ఆ లెక్కను ఒప్పుకోలేదు, సలహాదారులకు సాధారణంగా కూడికల కన్నా తీసివేతలే ఇష్టం.

వైద్యం మెరుగుపడి మరణాలు తగ్గిన మాట నిజమే. అయితే ఏటా చెల్లించే స్థిర రుసుము ధరలతోపాటు పెరుగుతూ పోవడమే గాక, ఇన్‌పేషెంట్లు 20,000 దాటితే అదనపు బిల్లు పడేది గనుక, లెసోతో పౌరుడు జ్వరం తెచ్చుకునే ముందు ఒప్పంద పత్రం చదువుకోవలసి వచ్చింది. వైద్యానికి పరిమితి విధించిన ఆ పత్రం, వాటాదారుల రాబడికి మాత్రం 25 శాతం అంచనా కట్టిన ఆర్థిక నమూనాపై నిలిచింది. గడువు తీరకముందే, 2021లో, ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.